అలర్జీ చీటీ

చదువుకున్నవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఆ జాబితాలో మొదటి పేరు నాదే.

తొంభైల మొదట్లో గల్ఫ్‌లోని అల్ అమెరాత్‌లో ఒక సైట్‌కి నేను టైమ్‌కీపర్‌ని. నా రూమ్‌లోనే ఉండే కరీంనగర్ మేస్త్రికి సిమెంటు పడక అరచేతులు పగిలి రసి కారేవి. కూర కారం తగిలితే విలవిల్లాడేవాడు. అందుకని అన్నం నేనే కలిపి ముద్దలు పెట్టేవాణ్ణి.

క్లినిక్ డాక్టరు చీటీ మీద ‘అలర్జీ’ అని రాసి, సిమెంటు ముట్టొద్దన్నాడు. మావాళ్లు ఇలాంటి చీటీలు కంపెనీకి ఇవ్వరు. పెట్టెలో బట్టల కింద దాచి, చేతులకు కొబ్బరినూనె రాసుకుని డ్యూటీకి పోతారు. రోగమని తెలిస్తే వీసా క్యాన్సల్ చేసి ఇంటికి పంపేస్తారని భయం.

“నీ దగ్గరుంచన్నా, ఎవ్వలకు సూపియ్యకు,” అని మేస్త్రి ఆ చీటీ నాకిచ్చాడు.

నేను దాన్ని మా సైట్‌లోని జర్మన్ ఇంజనీరుకు చూపించాను. మంచివాడని పేరు, వేరే పని ఇప్పిస్తాడనుకున్నాను. ఆయన మేస్త్రి చేతుల గురించి అడగలేదు. చీటీ మీది మాట చూసి మొహం వెలిగిపోయింది. అది జర్మన్‌లో ఒక డాక్టరు కూర్చిన మాటట, ఇంకా నూరేళ్లు కూడా నిండలేదట. ముక్కలు మాత్రం ప్రాచీన గ్రీకువి. ‘అల్లోస్’ అంటే వేరే, ‘ఎర్గోన్’ అంటే పని. ఒళ్లు మామూలుగా కాకుండా మరోలా పనిచేయడమట. టీ చల్లారేదాకా చెప్పాడు. నేను సిగ్గులేకుండా డైరీలో రాసుకున్నాను.

మరి మేస్త్రి సంగతేమిటని అడిగితే, “ఫైల్లో పెట్టు, మేనేజరు చూసుకుంటాడు,” అన్నాడు. గ్రీకుల దాకా వెళ్లొచ్చిన పెద్దమనిషికి పక్క గదిలోని మేనేజరు దాకా నడవడానికి కాళ్లు రాలేదు. అంత చదువుకున్నాయన చెప్పాడు కదా అని నేను పెట్టేశాను.

నాలుగో రోజు క్యాన్సల్ కాగితం వచ్చింది. మేస్త్రితో వేలిముద్ర వేయిస్తే పగుళ్లలోకి సిరా దిగి ఉత్త మరక పడింది. అదే చాలన్నారు.

రూమ్‌లో అతను పెట్టె సర్దుకుంటుంటే, సంజాయిషీగా ఆ గ్రీకు కథంతా చెప్పాను, వెధవని. ఓపిగ్గా విన్నాడు.

“గా సారు నన్నెన్నడు జూడలే, ఆయన సంగతి ఇడిశిపెట్టు,” అన్నాడు. “దినాం నాకు ముద్దలు పెట్టిన శెయ్యి గదన్నా నీది. గా శేత్తోనే ఎట్ల పెట్టినవ్ ఫైల్ల?”