నియంత వంటింట్లో అమ్మ ఉపవాసం

గల్ఫ్‌లో, ఫుజైరా కొండల్లో, మేమున్న గదికి పైన, ఒక నియంత ఇల్లు ఉండేది. సొంత దేశపు జనం తరిమేస్తే వచ్చి అక్కడ చేరాడు. నాన్న ఆయన కారు నడిపేవాడు, అమ్మ వంట చేసేది. కారు కొండ దిగుతుంటే పనివాళ్ళందరం దారి పక్కన తల దించుకుని నిలబడాలి. పదకొండేళ్ళ నేను కూడా. రాజ్యం పోయినా ఆయనకు దండాలు కావాలి.

అంతకన్నా ఎక్కువ ఆయనకు చావు భయం. విషం పెడతారని ప్రతి గిన్నెలోంచీ ఒక చెంచా ముందు అమ్మ తినాలి. ఆమెకేమీ కాలేదని కాసేపు చూసుకున్నాకే ఆయన తినేవాడు.

కరోనా వచ్చిన ఏడాది నాన్న ఆసుపత్రి పాలయ్యాడు. శుక్రవారం జరిగే మా చర్చి సంఘ కూడిక ఆగిపోయి, ఫోనులోనే ప్రార్థన. నాన్న లేచి రావాలని, ఆ శుక్రవారం సాయంత్రం దాకా ఏమీ ముట్టనని అమ్మ మొక్కుబడి చేసుకుంది. మధ్యాహ్నం వంటింటి మీద పెత్తనం చేసే ముదీర్ చెంచా అందించాడు. నేను పక్కనే కొత్తిమీర ఏరుతున్నాను.

“ఆజ్ ఉపవాస్ సాబ్, మేరా ఆద్మీ కే వాస్తే,” అంది అమ్మ. మా ఆయన కోసం ఉపవాసమున్నాను, ఈ ఒక్క పూటకి ఇంకెవరితోనైనా తినిపించమని బతిమాలింది. అతను లోపలికి వెళ్ళి అడిగొచ్చాడు. వద్దంటోందంటే ఏదో కలిపే ఉంటుంది, తినకపోతే పోలీసులను పిలవండి అన్నాడట నియంత. అమ్మ తిన్నది. మాంసం పులుసు, నమలకుండా మింగింది.

సాయంత్రం ప్రార్థనలో ఏదీ దాచకుండా చెప్పింది. సంఘమంతా వింటుండగా పాస్టరు గారు, “మొక్కుబడి తప్పావమ్మా. మనుషులకు భయపడ్డావు,” అన్నారు. తర్వాతి వారమే నాన్న పోయాడు. ఆ చెంచానే ఆయన్ని చంపిందని అమ్మ ఈనాటికీ నమ్ముతుంది.

నాకు దేవుని మీద కోపం లేదు. ఆకలిగొన్న దావీదు, యాజకులు తప్ప ఎవరూ తినకూడని సముఖపు రొట్టెలు తింటే తప్పు పట్టని దేవుడు, బలవంతాన మింగిన పులుసుకు ఒక మనిషిని తీసుకుంటాడా? నిరుడు పాస్టరు గారిని అదే అడిగాను. “వాదన వద్దమ్మా, ప్రార్థన చేసుకో,” అన్నారు. ఫరో పాపాన్ని ఇటుకలు మోసిన దాసి నెత్తిన పెట్టిన కాపరి ఈయన. నియంతకు దేవుని వాక్యం తెలియదు. ఈయనకు తెలుసు. అందుకే ఈయన మీదే నా కోపం ఎక్కువ.

ఇప్పుడు అజ్మాన్‌లో ఉంటున్నాం. అమ్మ వేరే ఇళ్ళలో వంట చేస్తుంది. ఏ కూరా రుచి చూడదు, ఉప్పు ఎక్కువైందని మాటలు పడుతుంది. మా ఇంట్లో ఉప్పు నేనే చూస్తాను. నేను ఉపవాసమున్న శుక్రవారం కూడా, ఆమె కళ్ళెదుటే ఒక చెంచా నోట్లో వేసుకుంటాను, దేవుడు చూస్తున్నాడని తెలిసే.