డాష్‌బోర్డులో నీలం దీపం

మొన్న ఆదివారం మా అమ్మాయి కొత్త కారులో నన్నూ మా అక్కయ్యనీ ఎక్కించుకుని కొండాపూర్ చుట్టూ ఊరేగించింది. ఊరేగింపనే అనాలి, ఆ ట్రాఫిక్కులో బండి నడిచింది తక్కువ, నిలబడింది ఎక్కువ. నిలబడ్డప్పుడల్లా మా అమ్మాయి తెర మీద వేలు పెట్టి డాష్‌బోర్డు వెలుగు రంగు మార్చి చూపించేది. ఎరుపు, ఊదా, గులాబీ, ఇంకా పేర్లు తెలియని రంగులు బోలెడు. "పెద్దమ్మా, నీకేది కావాలో చెప్పు," అంది. వెనక సీట్లో ఉన్న అక్కయ్య, "నీలం తప్ప ఏదైనా పెట్టమ్మా," అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పెద్దావిడ చాదస్తమనుకుని మా అమ్మాయి నవ్వింది. నాకు మాత్రం కడుపు మండింది. ఆ మంట ఇప్పటిది కాదు.

తొంభైల చివర అక్కయ్యావాళ్ళు చందానగర్‌లో ఉండేవారు. బావగారిది ప్రభుత్వోద్యోగం. నాకింకా పెళ్ళి కాలేదు. మాదాపూర్‌లో ఒక ఆఫీసులో, అమెరికా డాక్టర్లు టేపుల్లో గొణిగినదంతా విని టైపు చేసే ఉద్యోగం దొరికితే కాకినాడ నుంచి వచ్చి వాళ్ళింట్లో దిగాను. అప్పుడా చుట్టుపక్కలంతా బండరాళ్ళు, సీతాఫలం పొదలు, వాటి మధ్య కొత్తగా లేచిన అద్దాల బిల్డింగు. చుట్టాలొస్తే చార్మినార్ కంటే ముందు దాన్ని చూపించడానికే తీసుకెళ్ళేవాళ్ళం. వాళ్ళు కిందనుంచి తలెత్తి చూసి, లోపల ఏం చేస్తారని అడిగేవారు. కంప్యూటర్లు అని చెప్పేవాళ్ళం. అంతకుమించి మాకూ తెలియదు.

బావగారు ఒక పాత తెల్ల కారు కొన్నారు. కొన్నారే గానీ నడపడం ఆయనకి పట్టుబడలేదు. మొదటి వారమే వెనక్కి తీస్తూ మా గేటు స్తంభాన్ని గుద్ది, తప్పు తనది కాదనీ స్తంభం కట్టిన చోటిదనీ తేల్చారు. ఆయన ఎలాగూ ఆఫీసు బస్సులో వెళ్ళొచ్చేవారు. కారు ఊరికే పడి ఉంటోందని అక్కయ్య నేర్చుకుంది. నేర్చుకోవడమంటే అలా ఇలా కాదు. మజ్జిగ చిలికినంత తేలిగ్గా గేర్లు మార్చేది. లారీవాళ్ళు దారివ్వకపోతే కొంగు నడుముకి దోపుకుని హారను మీద చెయ్యి వేసి తీసేది కాదు. అప్పటిదాకా మా అక్కయ్యకి అంత పొగరుందని నాకే తెలియదు.

ఆ కారు ధైర్యంతోనే ఆవిడ కొండాపూర్ అవతల కొత్తగా పెట్టిన బడిలో సైన్సు టీచరుగా చేరింది. అటు బస్సుల్లేవు, ఆటోవాళ్ళు రమ్మంటే మొహం తిప్పేసుకునేవారు. కారు లేకపోతే ఆ ఉద్యోగం లేదు, అది ఇంట్లో అందరికీ తెలుసు. వచ్చే ఏడు పదో తరగతి పెడుతున్నామనీ, సైన్సు ల్యాబు మొత్తం మీ చేతిలో పెడతాననీ హెడ్మాస్టరుగారు మాటిచ్చారు. ఇంటికొచ్చాక అక్కయ్య వంట చేస్తూ చేస్తూ, ఆ గదిలో బల్లలు ఎటువైపు వేయించాలో నాకు చెప్పేది. పప్పు మాడిపోయేది. అంత ఆనందంగా ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు, పెళ్ళిపీటల మీద కూడా.

బావగారి ఆశలు వేరు. ఆ అద్దాల బిల్డింగులోకి ఏవో ప్రభుత్వ పోస్టులు వస్తున్నాయని, అక్కడికి డెప్యుటేషన్ మీద వెళ్ళాలని ఆయన తపన. ఫైలు కదలడం లేదు. ఆ రోజుల్లో ఫైలు కదలకపోతే గోడలు కదిపేవారు. ఒక సిద్ధాంతిగారి సలహాతో గేటు మారింది, పొయ్యి మారింది, మేం పడుకునే దిక్కులు మారాయి, ఫైలు మాత్రం ఉన్నచోటే ఉంది. ఒక సాయంత్రం సిద్ధాంతిగారిని అక్కయ్య కారులో దింపడానికి వెళ్తే, ముందు సీట్లో కూర్చున్న ఆయన కళ్ళు డాష్‌బోర్డు మీద పడ్డాయి.

"ఈ పచ్చ వెలుగేమిటి బాబూ?" అన్నారు, వెనక సీట్లో ఉన్న బావగారి వైపు తిరిగి. "పచ్చ బుధుడిది. మీ జాతకానికి బుధుడు పడడు. శని అనుకూలుడు. నీలం పెట్టించండి. మండలం రోజులు ముట్టుకోకుండా ఉంచితే, మీ పని జరిగి తీరుతుంది."

మర్నాడే బావగారు చందానగర్ మార్కెట్లో కార్ల ఎలక్ట్రీషియను దగ్గరికి వెళ్ళారు. "ఏ రంగు గావాల్నంటె ఆ రంగు చేస్త సార్, ఫికర్ వద్దు," అని అతను డయళ్ళ వెనకున్న చిన్న బల్బులు ఊడదీసి, వాటి పచ్చ తొడుగులు తీసేసి, గాజు మీద వేసే నీలం రంగు పూసి పెట్టాడు. మామూలు బల్బుది పసుపు వెలుగు కదా, నీలంతో కలిసి మళ్ళీ ఆకుపచ్చగానే కనిపించింది. సిద్ధాంతిగారు వచ్చి చూసి పెదవి విరిచారు. దాంతో ఇంకో పూత, దాని మీద మరో పూత పడి, చివరికి మా కారు లోపల మబ్బు పట్టిన సాయంత్రంలా ఉండేది. అంకెలు నీలంగా మెరిసేవి. ముళ్ళు మాత్రం మాయమైపోయాయి.

"ఎర్ర ముల్లు మీద నీలం వెలుగు పడితే నల్లగా కనిపిస్తుందండీ," అంది అక్కయ్య ఓపిగ్గా. "డయలేమో నలుపు. స్పీడూ తెలియదు, ఇంజను వేడీ తెలియదు. పోనీ ఆ ముళ్ళకి తెల్లరంగు వేయించండి."

"మండలం లోపల ముట్టుకోకూడదన్నారుగా. నీ బడి పాఠాలు నా దగ్గర చెప్పకు," అన్నారు బావగారు.

అక్కయ్య ఒక చేతి టార్చి తెచ్చి కారులో పెట్టింది. శీతాకాలం కావడంతో, బడి అయ్యాక నన్ను ఆఫీసు దగ్గర ఎక్కించుకుని బయల్దేరేసరికి చీకటి పడేది. దారిలో నేను అప్పుడప్పుడూ డయలు మీద టార్చి కొట్టేదాన్ని, ఆవిడ ఓ చూపు చూసి మళ్ళీ రోడ్డు చూసుకునేది. పిచ్చివాళ్ళలా నవ్వుకునేవాళ్ళం కూడా. ఒకరోజు బావగారు ఆ టార్చి చూశారు. తెల్ల వెలుగు పడితే నీలం ఫలితం పోతుందని దాన్ని తీసుకెళ్ళి తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు.

ఆ వారంలోనే ఒకరోజు చీకట్లో ఇంటికొస్తుంటే హఫీజ్‌పేట రైలు గేటు పడింది. ఎంతకీ రాని గూడ్సు బండి కోసం ఎదురుచూస్తున్నాం. ఇంజను ఆపితే మళ్ళీ స్టార్టవదేమోనని అక్కయ్య ఆపలేదు. రేడియేటరు గొట్టం చీలి నీళ్ళన్నీ కారిపోతున్నాయని మాకు తెలియదు. వేడి చెప్పాల్సిన ముల్లు ఎక్కడుందో కనిపించలేదు. గేటు లేచి పట్టాలు దాటాక లోపలేదో కొట్టుకున్న చప్పుడైంది. పక్కనొచ్చిన ఆటో అతను, "అమ్మా, పొగ లేస్తున్నది, బంద్ చెయ్యిండ్రి, బంద్ చెయ్యిండ్రి!" అని అరిచాడు. అక్కయ్య ఆపేలోపలే అది తనంతట తాను ఆగిపోయింది. అతను బానెట్టెత్తి చూసి, "ఇగ ఇది కదలదమ్మా. పరేషాన్ గాకుండ్రి, ఇంటికాడ దింపుత," అన్నాడు. అక్కయ్య స్టీరింగు మీద నుంచి చేతులు తియ్యడానికి చాలాసేపు పట్టింది.

ఇంజను లోపల పట్టేసిందన్నారు. "కళ్ళెక్కడ పెట్టుకుని నడిపావు?" అని బావగారు కేకలేశారు. "ముల్లు కనపడలేదండీ," అంది అక్కయ్య. ఆ ఒక్క మాటే. నేనుండబట్టలేక, "టార్చి దాచింది మీరే కదా బావగారూ," అన్నాను. "మా ఇంట్లో ఉంటున్నావు, అది గుర్తుపెట్టుకుని మాట్లాడు," అన్నారాయన. గుర్తుపెట్టుకున్నాను. కొన్నాళ్ళకే హాస్టలుకి మారిపోయాను.

కారు షెడ్డులో మూలుగుతుంటే అక్కయ్య దొరికిన ఆటో, దొరికిన లారీ పట్టుకుని బడికి వెళ్ళింది. ప్రార్థన అయిపోయాక చేరేది, మొదటి పీరియడు పోయేది. కారు బాగుపడి వచ్చిన రోజు బావగారు తాళాలు ఇవ్వలేదు. "ఒక ఇంజను కాల్చావు, చాలు," అన్నారు. ఇంటికొచ్చిన చుట్టాలందరి ముందూ అదే మాట. ఆడవాళ్ళకి కార్లేమిటని మా అమ్మ కూడా ఆయనకే వంత పాడింది. సంక్రాంతి సెలవులయ్యాక అక్కయ్య ఇక బడికి వెళ్ళలేదు.

మండలం పూర్తికాకుండానే డెప్యుటేషన్ ఆర్డరు వచ్చింది. మిఠాయి పంచిన రోజు నేనూ హాస్టలు నుంచి వెళ్ళాను. సిద్ధాంతిగారు కొత్త పంచె కట్టుకుని వచ్చి, "శని ఊరికే ఇవ్వడు బాబూ, ముందు ఏదో ఒకటి పుచ్చుకుంటాడు. ఆ ఇంజను పోవడం అందుకే," అన్నారు. అందరూ తలలూపారు. అక్కయ్య కాఫీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వచ్చి, నాతో మెల్లిగా, "పుచ్చుకుంది నా దగ్గరే, ఇచ్చింది ఆయనకి," అంది. ఏడవలేదు. గ్లాసులు కడగడం మొదలుపెట్టింది. ఆ రోజు నేను ఆ సిద్ధాంతినీ బావగారినీ కలిపి తిట్టని తిట్టు లేదు, అన్నీ మనసులోనే.

బావగారు రిటైరయ్యారు. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో ఎవరు దొరికితే వాళ్ళకి ఆ నీలం మహిమ చెబుతారు. మొదట్లో ఆ కథలో అక్కయ్య ఉండేది, ఇంజను కాల్చిన మనిషిగానైనా సరే. తర్వాత "కారుకేదో చిన్న రిపేరొచ్చింది" అయింది. ఈమధ్య అదీ లేదు. నీలం పెట్టగానే ఆర్డరొచ్చింది, అంతే. పక్కనే కూర్చుని అక్కయ్య కూడా వింటుంది, అలవాటైన ముఖంతో. కాలం గాయాలు మాన్పుతుందో లేదో నాకు తెలియదు గానీ, గాయపడ్డ మనిషిని మాత్రం కథలోంచి మెల్లిగా తుడిచేస్తుంది.