ఎరువుల అర్రలో సముద్రం

పందొమ్మిది వందల తొంబై ఆరు. సూర్యాపేటల నేను ప్లంబింగ్ పని పట్టి అప్పటికి పదేండ్లు దాటింది. అంతకుముందు మిర్యాలగూడ రైస్ మిల్లుల్ల ఉప్పుడు బియ్యం ట్యాంకులకు, బాయిలర్లకు పైపులు బిగించేటోణ్ని. నీళ్లు ఎక్కడికెల్లి వస్తయి, ఎక్కడికి పోతయి, నడుమ ఎక్కడ ఆగుతయి, నా పనంతా ఇంతే అనుకునేటోణ్ని. నాకు కుదురు తక్కువ. పని అప్పజెప్పి ఇంటికొచ్చినంక కూడా ఆ జాయింటు కారుతదేమో, ఈ వాల్వ్ పట్టుకుంటదో లేదో అని మనసు పీకుతనే ఉంటది. "కాలు గాలిన పిల్లి లెక్క తిరుగుతవేంది" అని మా ఇంటామె ఇప్పటికీ తిడ్తది.

ఆ యేడు వానలు ఎనకబట్టినంక వసుంధర మేడం నన్ను పిలిపించింది. జూనియర్ కాలేజీల జువాలజీ చెప్పేది. పుట్టిల్లు కోదాడ, అందుకే మాటల జర ఆంధ్ర యాస. ఆమె భర్త రవీందర్ సార్‌కు మెయిన్ రోడ్డు మీద ఎరువుల దుకాణం. ఇంటి వెనక అర్రల యూరియా బస్తాలు పెట్టేటోళ్లు. ఆ అర్ర ఖాళీ చేయించి, సున్నం వేయించి, ఇనుప స్టాండు మీద పెద్ద అద్దాల తొట్టి నిలబెట్టింది మేడం.

"యాదగిరి గారూ, ఇందులో సముద్రం పెట్టాలి" అన్నది.

"చేపల తొట్టా మేడం?"

"చేపలొక్కటే కాదు. పగడాలు, రొయ్యలు, సముద్రపు పువ్వు. మా పిల్లలు పుస్తకంలో బొమ్మ చూస్తారు, ల్యాబులో ఫార్మలిన్ సీసాలో తెల్లగా పాలిపోయిన ముక్క చూస్తారు. బతికున్నది ఒక్కటి కూడా చూడకుండానే పాసైపోతున్నారు. నేను కూడా విశాఖపట్నం పోయి చదివేదాకా చూడలేదు."

రవీందర్ సార్ గడపల నిలబడి వింటున్నడు. "ఉగాది దాక సూస్త యాదగిరీ" అన్నడు. నాతోని అన్నట్టే ఉన్నది గాని మాట ఆమెకే. "అప్పటికి ఇది నడిస్తే నడిచినట్టు. లేకపోతే బస్తాలు మళ్ల ఈడికే వస్తయి. బయట గోదాముకు కిరాయి నేను కట్టలేను." మేడం చేతిలున్న బొమ్మ కాయితం నాకిచ్చింది.

ఆ ఇంట్ల ఇంకొకామె ఉన్నది, సార్ వాళ్లమ్మ సత్తెమ్మ. నేను పోయిన మొదటి దినమే వంటింట్లకెల్లి గట్టిగ అన్నది: "మంచిగున్న అర్రల నీసు వాసన పెడ్తున్నరు. సముద్రం ఇంట్ల పెట్టుకుంటరా ఎవరన్న?" మేడం మొకం చిన్నబోయింది. ఆ తర్వాత అత్తను ఆ అర్రలకు పిలువంగ నేను చూడలే. ఆమె కూడా గడప తొక్కలే. కనీసం మేమంత అట్లనే అనుకున్నం.

మేడం గీసిన బొమ్మ మొదట చూస్తే నాకు ఏమీ సమజ్ కాలే. మళ్లోసారి చూస్తే నవ్వొచ్చింది. పైన ట్యాంకు, కింద సంపు, నడుమ మోటరు. ఊళ్ల ఇంటింటికి నేను చేసేదే. కాకపోతే ఇక్కడ నీళ్లు ఖర్చుగావు, అవే నీళ్లు తిరిగి తిరిగి వస్తయి. తొట్టి వెనక మూలకు అద్దంతోని ఒక సన్నటి అర కట్టినం, దాన్ని ఓవర్‌ఫ్లో బాక్స్ అంటరు. తొట్టి నిండి పొర్లిన నీళ్లు గలగల దాన్లకు దుంకుతయి. దాని నడుమ నిలబెట్టిన పైపు ఆ నీళ్లను కింద సంపులకు దించుతది. సంపుల మురికి వడగట్టినంక చిన్న మోటరు మళ్ల పైకి తోలుతది. ఆ పైకి పోయేది రిటర్న్ లైన్.

కష్టమంతా కరెంటుతోని. మా దిక్కు అప్పుడు కరెంటు ఎప్పుడుంటదో ఎప్పుడు పోతదో దేవుడికే తెల్వాలె. మోటరు ఆగంగనే రిటర్న్ లైను తిరగబడి తొట్టిల నీళ్లను కిందికి గుంజుతది. దీన్నే సైఫన్ అంటం, డ్రమ్ముల పైపు పెట్టి నోటితోని డీజిల్ గుంజినట్టే. సంపు పొర్లి ఇల్లంత ఉప్పునీళ్లయితయి. అందుకే రిటర్న్ పైపుకు నీటి మట్టం కింద చిన్న బెజ్జం కొట్టిన. నీళ్లు బెజ్జం దాక దిగంగనే గాలి దూరుతది, గుంజుడు ఆగుతది. ఉత్త నీళ్లు నింపి, మెయిన్ ఆఫ్ చేసి చూసిన. ఆగింది. ఇంటికి పోయిన. మనసు నిలువలే, మళ్లొచ్చి చూసిన. "ఆగుతోంది కదా యాదగిరి గారూ" అని మేడం నవ్వింది. కరెంటు లేనప్పుడు గాలి ఆడటానికి లారీ బ్యాటరీ ఒకటి, ఇన్వర్టర్ ఒకటి పెట్టినం.

మేడం ఒక్క షరతు పెట్టింది: ఇత్తడి, గన్‌మెటల్, రాగి ఏదీ ఆ నీళ్లకు తగలొద్దు. రాగి కరిగితే చేపలు ఎట్లనో తట్టుకుంటయట గాని రొయ్యలు, పగడాలు, పువ్వు తట్టుకోవట. ప్లంబరోడికి ఇత్తడి వద్దంటే సగం చేతులు కట్టేసినట్టే. ప్లాస్టిక్ బాల్ వాల్వుల కోసం మిర్యాలగూడ పోయి, మిల్లులకు సామాను అమ్మే దుకాణాలన్నీ తిరిగి తెచ్చిన. ప్రతి జాయింటు పీవీసీనే. తొట్టి మీద అద్దం మూత కప్పినం, పైపుల కోసం ఆ ఓవర్‌ఫ్లో మూల ఒక్కటే తెరిచి ఉంచిన.

నీళ్లు మేడం వాళ్ల అన్న తెచ్చిండు. కోదాడల ఆయనకు లారీ ఉండె. బందరుకు బియ్యం దించి, వాపస్ వచ్చేటప్పుడు ప్లాస్టిక్ క్యాన్లల్ల సముద్రపు నీళ్లు నింపుకొచ్చిండు. ఎండకు నీళ్లు ఆవిరైతే ఉప్పు కింద మిగిలి చిక్కవడుతది, అందుకని రోజూ జర మంచినీళ్లు పోయాలె. మా బోరు నీళ్లు మనుషులకే పడవు, తాగినోళ్ల పండ్లు పచ్చబడుతయి. వాటికెట్ల పోస్తం? బ్యాటరీ షాపుల అమ్మే డిస్టిల్డ్ వాటరే పోసినం. మద్రాసు నుంచి రాళ్లు, పగడాలు, చేపలు రైలెక్కి వచ్చినయి. నారింజ రంగు మీద తెల్ల చారల చేపలు రెండు, ఎర్ర మీసాల రొయ్యలు, పువ్వు. పువ్వు అంటే పువ్వు కాదు, అది కూడా జీవమే. అంగిట్ల నాలుకలు ఆడినట్టు ఊగుతుంటే ఆ రెండు చేపలు దాన్లనే దూరి పండుకునేవి. కాలేజీ పిల్లలు గుంపులు గుంపులుగ వచ్చి నిలబడేటోళ్లు. నిజం చెప్పాలంటే నేను కూడా పని లేకున్నా ఆ సందుల నుంచే పోయేటోణ్ని.

పుష్యమాసంల రొయ్యలు చచ్చినయి. తర్వాత నత్తలు. పగడాలు ముడుచుకున్నయి. పువ్వు రోజురోజుకు చిన్నగైతున్నది. చేపలు మాత్రం మంచిగనే ఉన్నయి.

మేడం ఒకటే మాట అన్నది: "రాగి." నా దిక్కు చూసింది. "ఎక్కడైనా ఇత్తడి వేశారా?"

"నా పిల్లల మీద ఒట్టు మేడం, ఇత్తడి ముక్క కూడ ఏయలే."

ఒట్టు పెట్టిన గాని నాకే నమ్మకం కుదరలే. మోటరు ఇప్పి చూసిన. వాల్వులు కోసి చూసిన. బ్యాటరీ షాపు మీద అనుమానమొచ్చి, క్యాన్లు మార్పించిన. ఊళ్ల ఎవడన్న ఎదురైతే "యాదగిరీ, నీ సముద్రం ఎండిపోతున్నదట" అని నవ్వేటోడు. ఇంకో దిక్కు మేడం చూపు భర్త మీద పడ్డది. ఆయన దుకాణంల మైలుతుత్తం అమ్ముతడు, నీలం రంగు పొడి, రాగిదే. చేతులకో బట్టలకో అంటి వచ్చిందేమోనని అడిగింది. సార్‌కు కోపం ఆగలే. "అంటే నేను సంపుతున్ననా వాటిని? ఉగాది దాక ఎందుకు, ఇప్పుడే తీసెయ్" అన్నడు. ఆ దినం నుంచి ఇద్దరు ఒకర్నొకరు పలకరించుకోలే. నేను నడుమ స్పానర్లు పట్టుకొని నిలబడ్డ.

అట్లాంటప్పుడే ఒకసారి సత్తెమ్మ వాకిట్ల నన్ను ఆపింది. "ఆ పువ్వు ముడుసుకున్నదట గద. బతుకుతదా?" అన్నది. ఎద్దేవ చేస్తున్నదనుకున్న. "ఏమో అమ్మా" అని వచ్చేసిన.

మాఘ పున్నమి పోయినంక వచ్చిన ఆదివారం ఇగ ఆఖరు ప్రయత్నం అనుకొని పోయిన. అన్నీ చూసిన, ఓవర్‌ఫ్లో బాక్స్ ఒక్కటి మిగిలింది. అదంతా అద్దం, పీవీసీ. దాన్ల రాగి ఎట్లొస్తదని అప్పటిదాక ముట్టలే. మోటరు బంద్ చేసి, నిలువు పైపు తిప్పి పైకి గుంజిన. చేయి అడుగుదాక పెట్టిన. ఏదో గుండ్రంగ తగిలింది. ఇంకోటి. ఇంకోటి. తీసి అరచేతిల పెట్టుకున్న. పచ్చగ చిలుమెక్కిన రాగి బొక్క పైసలు. నడుమ బెజ్జమున్న పాతకాలం నాణేలు, మా చిన్నప్పుడు పిల్లల మొలతాడుకు కట్టేటోళ్లు.

మేడం నా చేతిలకు చూసి ఒక పైస తీసుకొని తిప్పింది. "ఎవరు వేశారు ఇవి?"

"నేనే ఏసిన" అన్నది వెనక నుంచి సత్తెమ్మ. గడప లోపల నిలబడి ఉన్నది. ఎప్పుడొచ్చిందో మాకు తెల్వది. "ఎందుకు తీసిండ్రు వాటిని?"

"అమ్మా, ఎందుకు ఏసినవ్?" అని అడిగిన.

"సముద్రమంటే నేనెన్నడన్న సూసిన్ననా? వాడపల్లిల మూసి కృష్ణల కలిసేకాడ మునిగిన, గంతే. పున్నమికి సముద్ర స్నానం జేస్తే పుణ్యమంటరు. కోడలు కాలేజీకి పోయినంక వచ్చి, ఆ నీళ్లు దుంకే మూలకు దండం పెట్టుకొని ఒక పైస ఏసేదాన్ని. ఏటి నీళ్లల్ల పైస ఎయ్యమా? గట్లనే." నా చేతిల పైసల దిక్కు చూసుకుంట అన్నది: "పువ్వు ముడుసుకుంటున్నదని ఎరికైనంక పున్నమి దాక ఆగలే. దాన్ని బతికియ్యమని మధ్యల గూడ ఏసిన. కోడలుపిల్ల ఒకటే పరేషానైతున్నదాయె."

నాకైతే ఏడుపొచ్చింది, ఏం దాచుకోను. ఆ పువ్వు వాడిన కొద్ది ఆమె మొక్కింది, మొక్కిన కొద్ది అది వాడింది.

ఆమె మా మొకాలు చూసి తెలుసుకున్నది. "నా పైసలతోనేనా?" అన్నది మెల్లగ. "నేనే సంపుకున్ననా బిడ్డా?"

మేడం అబద్ధం చెప్తదేమో అనుకున్న. చెప్పలే. లేచి పోయి అత్త చెయ్యి పట్టుకున్నది. "అవును అత్తయ్యా. ఈ ప్రాణులకు రాగి పడదు. మీకెలా తెలుస్తుంది? ఊరి పిల్లలందరినీ పిలిచి చూపించాను. ఇంట్లో ఉన్న మిమ్మల్ని ఒక్కసారి కూడా పిలవలేదు. మీకు ఇష్టం లేదనుకున్నాను."

"నీసు వాసన అన్న గద" అన్నది సత్తెమ్మ. "ఒకపాలి అన్నంక మళ్ల నోరు తెరిచి సూపియ్యమని ఎట్లడుగాలె?"

నీళ్లు మొత్తం మార్చాల్సొచ్చింది. కోదాడ లారీకి మళ్ల కబురు పోయింది. ఈసారి నేను కూడ పోయిన, నీళ్లు ఒడ్డున గాకుండ లోపలికెళ్లి తేటగ నింపాలని. సత్తెమ్మ నేనూ వస్తనన్నది. రవీందర్ సార్ వద్దనబోయిండు. తల్లి ఒక్క చూపు చూసింది. ఆయన తానే పైకెక్కించి క్యాబిన్ల కూసోబెట్టిండు. "యాదగిరీ, అమ్మను పైలంగ సూసుకో" అన్నడు. తర్వాత మేడం దిక్కు తిరిగి, "అన్ని క్యాన్లు సాలుతయా?" అని అడిగిండు. చాన్నాళ్లకు ఆమెతోని ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

బందరు దగ్గర ఇసుకల దిగినంక ఆమె నడవలే. చూసుకుంట నిలబడ్డది. "ఇంతనా" అన్నది. నేను క్యాన్లు నింపుకుంట మధ్యమధ్యల ఆమె దిక్కు చూస్తనే ఉన్న, అలకు పడుతదేమోనని. మోకాళ్ల లోతుకు పోయి, కొంగు ముడి ఇప్పింది. అవే బొక్క పైసలు. మేడం కడిగి ఇచ్చిందట. చేతిల పట్టుకొని నా దిక్కు తిరిగింది.

"యాదగిరీ, ఈడ పడుతదా?"

"ఈడ పడుతది అమ్మా" అన్న.

పగడాలు కొన్ని పోయినయి, కొన్ని కోలుకున్నయి. పువ్వు సంగతి చానా దినాలు తెల్వలే. అది విచ్చుకున్న సంగతి మేడం చెప్పలే, సార్ చెప్పలే. నా ప్లంబింగ్ దుకాణం ముందట రిక్షా దిగి సత్తెమ్మే చెప్పింది. అప్పటికి రోజూ తొట్టి మీద గీసిన గీత దాక బ్యాటరీ నీళ్లు పోసే పని ఆమెదే, ప్లాస్టిక్ మగ్గుతోని. ఉగాది వచ్చింది, పోయింది. అర్రలకు బస్తాలు రాలే.

అప్పటి నుంచి నేను పని చేసే తీరు మారింది. తెరిచి ఉన్న ప్రతి మూలకు ప్లాస్టిక్ జాలీ బిగిస్త, అది చిన్న సంగతే. ఏ ఇంటికి పోయినా పైపుల జోలికి పోకముందు ఇంకొకటి అడుగుత: "ఈ నీళ్లకాడికి ఎవరెవరు వస్తరు?" యజమాని మోటరు గురించి చెప్తడు, ఇల్లాలు నల్లా గురించి చెప్తది. నేను మళ్ల అడుగుత: "ఇంకెవరు?" ఎవరికీ చెప్పకుండ వచ్చేటోళ్లు ప్రతి ఇంట్ల ఒకరుంటరు. వాళ్లు గడప లోపలికి వచ్చి మాట్లాడేదాక నా మనసు నిలువది.