ఆదివారం డ్యూటీ

డెబోరా యూనివర్సిటీ లైబ్రరీలో చేరి పన్నెండేళ్లయింది. అయినా యూనివర్సిటీ కాగితాల్లో ఎక్కడ వెతికినా ఆమె పేరు కనబడదు. ఆమె కాంట్రాక్టు మీద మనుషుల్ని పంపే ఏజెన్సీ మనిషి. మెడలో వేలాడే కార్డూ ఏజెన్సీదే. అందులో పేరు ‘దెబ్బోరా’ అని అచ్చయింది. దాన్ని సరిచేయించడానికి ఒక మనిషి బతుకు చాలదు. ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలదు. ఈ పన్నెండేళ్లలో లైబ్రేరియన్లు ముగ్గురు మారారు. ముగ్గురికీ లైబ్రరీని చూపించి, దారిలో పెట్టింది ఆమే.

అలాంటి మనిషిని ఒక గురువారం మధ్యాహ్నం సూపరింటెండెంట్ పంపన్న తన టేబుల్ దగ్గరికి పిలిచాడు.

“చూడమ్మా, దూరవిద్య పిల్లోల్లకు సండే క్లాసులు పెడతాండారు. ఇంగ రెండు వారాల్లో మొదలు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా రీడింగ్ రూమ్ చూసుకునేకి ఒక మనిషి కావాల. నీ పని నీకు ఉండనే ఉండాది, ఇది దాని మింద ఎగస్ట్రా. పార్ట్‌టైమే. కానీ ఏజెన్సీ లెక్క కాదు, యూనివర్సిటీ ఆర్డరే వస్తాది నీ పేరు మింద. చేస్తావా?”

తన పేరు మీద ఆర్డరు! ఎంత ఇస్తారో కూడా అడగలేదు డెబోరా. ఒళ్లంతా ఝల్లుమంది. అంతలోనే ఆదివారమన్న సంగతి గుర్తొచ్చి ఆ సంతోషం కాస్తా సగంలోనే ఆగిపోయింది.

“నోడోణ సార్,” అంది.

నోడోణ అంటే కన్నడంలో చూద్దాం అని. ఆ ఊళ్లో తెలుగూ కన్నడమూ కలిసే నడుస్తాయి. ఇంట్లో ఒక మాట అడిగి, ఆలోచించుకుని చెబుతానని ఆమె ఉద్దేశం. పంపన్న తల ఊపి, ముందున్న ఫైలు మూసి, ఇంకో ఫైలు తెరిచాడు.

ఆదివారం డెబోరాకు ఉత్త సెలవురోజు కాదు. వాళ్ల పాత మిషన్ చర్చిలో ఎనిమిదింటికి తెలుగు ఆరాధన, పదింటికి కన్నడ ఆరాధన. కన్నడానికి జనం వరండా దాకా నిలబడతారు. తెలుగుకు వచ్చేది ముప్పై మంది, అందులో సగం తలలు నెరిసినవే. వాయిద్యం వాయించే మనిషి లేడు. ఎవరో ఒకరు కీర్తన ఎత్తుకోవాలి. పంతొమ్మిదో ఏట నుంచి ఎత్తుకుంటున్నది డెబోరానే. వారంలో ఆరు రోజులు లైబ్రరీలో నోరెత్తకుండా బతికే మనిషి, ఏడో రోజు నోరు తెరిస్తే ముప్పై మంది ఆమె వెంట నడుస్తారు. ఊళ్లో ఆమెకంటూ ఉన్న ఉద్యోగం నిజానికి అదొక్కటే.

భర్త మోజెస్ పక్క ఊరు కుడతినిలోని కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు. అతనితో చెప్పింది.

“అంత కష్టమైతే వద్దను,” అన్నాడు.

“వద్దంటే మల్లా ఈ జన్మలో అడగరు.”

“అట్లయితే ఒప్పుకో.”

“పాట ఎవరు ఎత్తుకుంటారు?”

“నేనైతే కాదు తల్లీ. నేను ఎత్తుకున్నానంటే ఆ ముప్పై మందీ కన్నడ ఆరాధనకు పోతారు.”

డెబోరాకు నవ్వు రాలేదు. నలభై మూడేళ్లు వచ్చాయి. రేపు ఏజెన్సీ మారితే పెన్నుతో ఒక గీత కొట్టి పొమ్మంటారు. ఒక్క ఆర్డరు చేతిలో ఉంటే ఈ మనిషి ఈడ పని చేసింది అనడానికి సాక్ష్యమైనా ఉంటుంది. శుక్రవారం వద్దనుకుంది, శనివారం ఉదయం సరేననుకుంది, సాయంత్రానికి మళ్లీ వద్దనుకుంది. ఆదివారం ఆరాధన అయ్యాక మాత్రం లేచి నిలబడి, డ్యూటీకి ఒప్పుకుంటున్నానని అందరికీ చెప్పేసింది. కీర్తనల పుస్తకం క్రిస్టీ చేతిలో పెట్టింది. క్రిస్టీ ఇరవై ఏళ్ల పిల్ల, గొంతు మంచిదే కానీ శ్రుతి మరీ పైన అందుకుంటుంది. పాస్టరుగారు డెబోరా కొత్త ఉద్యోగం కోసం ప్రార్థన చేశారు. ఎనభై ఏళ్ల రూతమ్మవ్వ ఆమెను పట్టుకుని ఏడ్చింది.

సోమవారం పొద్దున్నే పంపన్న దగ్గరికి వెళ్లింది.

“ఒప్పుకుంటాండా సార్.”

“ఏంది?”

“సండే పని సార్.”

పంపన్న కళ్లజోడు తీశాడు. “అది ఆ పొద్దే పరీక్షల సెక్షన్‌లో పనిచేసే హారతికి ఇచ్చేస్తిమి గదమ్మా. సాయంత్రానికే పేరు పంపల్ల అన్నారు. నువ్వు నోడోణ అంటివి.”

ఆ ఆఫీసులో నోడోణ అంటే కాదని అర్థం. గోడలకూ తెలుసు ఆ సంగతి. పర్మనెంటు చేయమని అడిగితే నోడోణ, కార్డులో పేరు మార్చమంటే నోడోణ. పన్నెండేళ్లు ఆ మాట తిని బతికిన మనిషి, తన నోట వచ్చినప్పుడు మాత్రం దానికి నిఘంటువులో ఉన్న అర్థమే ఉందనుకుంది. పంపన్న చెడ్డవాడు కాదు. ఆమె మర్యాదగా కాదన్నదనుకున్నాడు, మర్యాదగానే ఊరుకున్నాడు.

“నిజంగా చూద్దామనే అంటి సార్,” అంది.

“అయ్యో, నాకట్ల తోచలేదే. ఇంగోసారి వస్తే చూద్దాంలే.” ఈసారి తెలుగులో అన్నాడు.

“పోనీ, పాటన్నా మిగిలె గదా,” అన్నాడు ఆ రాత్రి ఇంట్లో మోజెస్. తనూ ఆ మాటే పట్టుకుని ఆదివారం దాకా నెట్టుకొచ్చింది డెబోరా. తీరా చర్చికి వెళ్లేసరికి క్రిస్టీ ముందు నిలబడి ఉంది, కొత్త చీరలో. మొదటి బెంచీలో ఆ పిల్ల తల్లిదండ్రులు మురిసిపోతున్నారు. శ్రుతి పైనే అందుకుంది. అయినా ముప్పై గొంతులూ ఎలాగో ఎక్కి కలుసుకున్నాయి. వెనక బెంచీలో కూర్చున్న డెబోరాకు పెదవులు కదిలాయి గానీ గొంతు రాలేదు. ఆ పిల్ల తడబడితే బాగుండునని అనిపించింది, అలా అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఆరాధన అయ్యాక రూతమ్మవ్వ చెయ్యి పట్టుకుంది. “ఏం మా, డ్యూటీ ఇంగా మొదలు కాలేదా?”

నిజం నాలుక మీదికి వచ్చింది. తన కోసం ప్రార్థన చేసిన వాళ్లంతా చుట్టూ నిలబడి ఉన్నారు.

“వచ్చే వారం నుంచి అవ్వా,” అంది.

ఆ వచ్చే వారం రానే వచ్చింది. ఏడున్నరకు డెబోరా టిఫిన్ డబ్బా కట్టుకుని, కార్డు మెడలో వేసుకుని గడప దాటింది. డ్యూటీ లేదని మోజెస్‌కు తెలుసు. అయినా బండి తీశాడు. చర్చి ముందు నుంచి పోయే దారి వదిలి రైలుగేటు వైపు తిప్పాడు. గేటు దాటాక వేగం తగ్గించి, వెనక్కి చూడకుండా అడిగాడు.

“యాడ దింపల్ల?”