బాబాయి బీరువాలో పద్నాలుగు డిస్కులు

నెలలో మొదటి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఆ అపార్ట్‌మెంటు మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తే అది బాబాయి. భుజాన గుడ్డసంచి. సంచిలో పద్నాలుగు డిస్కులు, ఒక్కొక్కటి అరచేతిలో ఇమిడేంత. దేనికదే ఒక పాత సాక్సులో దూరి ఉంటుంది. సాక్సు మీద దారంతో కుట్టిన అంకె ఫ్లాటు నంబరు. కుట్టింది ఆయన భార్య.

"సాక్సులకి నంబర్లు కుట్టించుకునే మొగుడు నాకే దొరకాలా?" అని ఆవిడ అప్పుడప్పుడూ అంటుంది. కుడుతూనే అంటుంది.

బాబాయి ముప్పై నాలుగేళ్ళు లిఫ్టు మెకానిక్కుగా పనిచేశాడు. రిటైరయ్యాక మెట్లే ఎక్కుతున్నాడు. అదేమిటని అడిగిన వాళ్ళకి, "వంట మాస్టరు ఇంటికొచ్చి మళ్ళీ గరిటె పట్టుకుంటాడా?" అంటాడు. ఆ బిల్డింగులో ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా లేదు. పసిపిల్లల దగ్గర్నుంచి పళ్ళ డాక్టరు దాకా అందరికీ బాబాయే.

ఈ డిస్కుల పని పదకొండేళ్ళ కిందట మొదలైంది. కింది అంతస్తులో ఒక అమ్మాయి కంప్యూటరు ఉన్నట్టుండి ఆగిపోయింది. పెళ్ళి ఫోటోల నుంచి కొడుకు పాలపళ్ళ ఫోటోల దాకా అందులోనే ఉన్నాయి. ఆ అమ్మాయి మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే బాబాయి పక్కన నిలబడి ఒక్కటే అడిగాడు.

"ఎన్ని కాపీలున్నాయమ్మా?"

"ఒకటే బాబాయి."

ఆ మాట ఆయనకు మింగుడు పడలేదు. లిఫ్టు పెట్టెని ఒక్క తాడు మొయ్యగలదు. అయినా నాలుగైదు తాళ్ళు కడతారు. అవన్నీ తెగినా కింద పట్టాలను కరిచిపట్టే బిగింపు ఒకటి ఉంటుంది. నాలుగంతస్తులు ఎక్కడానికి ఇంత జాగ్రత్త పడే మనుషులు, ఇరవై ఏళ్ళ బతుకుని ఒక్క మేకుకి తగిలించి ఎలా తిరుగుతున్నారో ఆయనకు అర్థం కాలేదు. ఇంటింటికీ వెళ్ళి చెవినిల్లు కట్టుకుని పోరాడు. ఏడాది తిరిగేసరికి పద్నాలుగు ఇళ్ళు ఒప్పుకున్నాయి.

పద్ధతి ఆయనదే. ఇంటికి రెండు డిస్కులు. ఒకటి ఆ ఇంట్లోనే ఉంటుంది. శనివారం శనివారం ఇంటివాళ్ళే అందులోకి కాపీ చేసుకోవాలి. రెండోది బాబాయి బీరువాలో ఉంటుంది. నెలకోసారి ఆయన తెచ్చి, తన చేత్తో కాపీ చేసి, తీసుకుపోతాడు. రెండూ ఒకే కప్పు కింద ఉండకూడదు. అందుకని బాబాయి డిస్కు గుమ్మం దాటే ముందు ఇంటి డిస్కు బయటికి నడవాలి. ఆ గంటసేపు అది ఎదురింట్లో ఉండి వస్తుంది.

"ఎదురుపడితే కొట్టుకుంటాయా బాబాయి? తోడికోడళ్ళా?" అన్నాడు పళ్ళ డాక్టరు, తన డిస్కు పట్టుకుని ఎదురింటి బెల్లు కొడుతూ.

"తోడికోడళ్ళయితే నాకు బెంగ లేదు డాక్టరుగారూ. కొట్టుకున్నా ఇద్దరూ మిగుల్తారు."

ఇంకొక నియమం ఆయన తనకు తనే పెట్టుకున్నాడు. ఏ ఫైలూ తెరవడు. మొదటి ఏడాది ఒక ఇంట్లో, కాపీ సరిగా అయిందో లేదో చూద్దామని ఏదో ఒకటి తెరిచాడు. అది ఆ ఇంటాయన డాక్టరుకి రాసిన ఉత్తరం. ఆ ఇల్లాలికి ఇంకా తెలియని జబ్బు గురించి. అదే సమయానికి ఆవిడ కాఫీ తెచ్చి చేతికిచ్చి, "అంతా బాగానే ఉందా బాబాయిగారూ?" అని అడిగింది. కంప్యూటరు గురించే అడిగింది. ఆ కాఫీ ఎలా తాగాడో ఆయనకు గుర్తు లేదు. అప్పటినుంచి ఫోల్డరు పేరు చదవడం, కాపీ చెయ్యడం, డిస్కు ఊడదీసుకోవడం. అంతే. ఇన్నేళ్ళుగా పద్నాలుగు ఇళ్ళ గుట్టు ఆయన బీరువాలో ఉంది, ఆయనకు మాత్రం తెలియదు. జనం ఆయన్ని నమ్మింది అందుకే.

ఆ పద్నాలుగు ఇళ్ళలో ఒకటి మూడో అంతస్తులో టీచరమ్మది. ఆమె చెవిటి పిల్లల బడిలో చెబుతుంది. పదేళ్ళుగా సైగలను చిన్న చిన్న వీడియోలుగా తీసి దాస్తోంది. ఒక్కో మాటకు ఒక్కో వీడియో. నాలుగు వేలు దాటాయి. అన్నిటికన్నా ఆమె ప్రాణం పెట్టుకున్నవి రెండువందల పన్నెండు. అవి బైండింగ్ అమ్మవి.

బైండింగ్ అమ్మ పుట్టుచెవిటి మనిషి. నలభై ఏళ్ళు ఒక ప్రెస్సులో పుస్తకాలు కుట్టింది. ఆ ప్రెస్సులో యంత్రాల హోరుకి చెవులున్న వాళ్ళకీ మాట వినబడేది కాదు. అందుకని అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళు. జిగురుకి, దారానికి, అట్టకి, మేనేజరు కోపానికి, దొంగనిద్రకి వాళ్ళ సొంత సైగలున్నాయి. ఏ పుస్తకంలోనూ లేవు. ప్రెస్సు మూతపడింది. మనుషులు ఒక్కొక్కరే పోయారు. ఆ భాష తెలిసిన చేతులు ఇక బైండింగ్ అమ్మవే. కిందటేడు మూడు నెలలు కూర్చోబెట్టి టీచరమ్మ అవన్నీ వీడియో తీసింది. తీసిన నాలుగు నెలలకు ముసలామెకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి పడిపోయింది.

ఒక బుధవారం మధ్యాహ్నం టీచరమ్మ ఇంట్లో గోడకున్న పుస్తకాల అర ఊడి, పనిచేస్తున్న కంప్యూటరు మీద పడింది. రిపేరు షాపాయన పది రోజులు ఉంచుకున్నాడు. లోపల తిరిగే పళ్ళెం గీసుకుపోయింది, ఇందులోంచి ఒక్క ముక్క కూడా బయటికి రాదు అని చెప్పాడు. టీచరమ్మ కంగారు పడలేదు. ఇంకో కంప్యూటరు తెచ్చుకుని, బాబాయికి కబురు పెట్టింది.

బాబాయి సాక్సు పట్టుకుని వచ్చాడు. ఇంటి డిస్కు ఎదురింటికి వెళ్ళిందని రూఢి చేసుకున్నాకే లోపలికి అడుగుపెట్టాడు. ముందు అంతా కొత్త కంప్యూటరులోకి కాపీ చేసి, అప్పుడు జరిగి కూర్చున్నాడు. "ఇక మీరు చూసుకోండమ్మా" అని మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

ఆమె ఒక్కొక్క ఫోల్డరూ తెరుస్తూ పైకి చదువుతోంది. జంతువులు. కూరగాయలు. చుట్టరికాలు. రంగులు. అన్నీ ఉన్నాయి. తర్వాత ఆమె గొంతు ఆగింది.

"బాబాయిగారూ. ఇది తెరుచుకోవట్లేదు."

చివరి ఫోల్డరు పేరు బైండింగ్ అమ్మ. దాని బొమ్మ మూలన ఒక చిన్న బాణం గుర్తు. నొక్కితే, చూపిన చోట ఏమీ లేదని కంప్యూటరు చెబుతోంది.

ఎక్కడ దెబ్బతిన్నామో తెలియడానికి ఇద్దరికీ అరగంట పట్టింది. కిందటేడు చోటు చాలక టీచరమ్మ ఆ వీడియోలను కంప్యూటరులోనే వేరే భాగంలో పెట్టుకుంది. వెతుక్కునే పని లేకుండా పాత చోట ఒక షార్ట్‌కట్ పెట్టింది. అది ఫోల్డరు కాదు, ఫోల్డరుకి దారి చూపే గుర్తు. ఇల్లు కాదు, ఇంటి అడ్రసు. ఆమె ప్రతి శనివారం ఆ అడ్రసునే కాపీ చేసుకుంది. ఎనిమిది నెలలుగా బాబాయి ఆ అడ్రసునే భద్రంగా మోసుకెళ్ళి బీరువాలో పెట్టాడు. ప్రతిసారీ పాత కాపీ చెరిపి కొత్తది ఎక్కించడం అలవాటు కాబట్టి, అంతకుముందువీ మిగల్లేదు. బాబాయి డిస్కుని గుమ్మం దాటించి, ఎదురింటి నుంచి ఇంటి డిస్కు తెప్పించి చూశారు. అందులోనూ అదే బాణం.

"తప్పు నాదే," అంది టీచరమ్మ. "నేనే కదా అలా పెట్టింది."

"మీకు తెలియక పెట్టారు. నేను తెలిసీ చూడలేదు."

"మీకేం తెలుసు బాబాయిగారూ? మీరు తెరవనే తెరవరు కదా."

"అదేనమ్మా నేను చెప్పేది."

ఆయన ఇంటికి వచ్చి భోజనానికి కూర్చున్నాడు గాని, చెయ్యి కంచం మీదే ఉండిపోయింది.

"ఏటా లిఫ్టులో బరువులు పెట్టి కిందికీ పైకీ తిప్పేవాణ్ణి," అన్నాడు భార్యతో. "తాళ్ళు కొత్తవైనా సరే. బరువు పెట్టి చూడనిదే మనిషిని ఎక్కనిచ్చేవాణ్ణి కాదు. వీటికి ఒక్కసారీ బరువు పెట్టి చూడలేదు. పరువు కోసం పోయాను."

"ఎవరి పరువు? వాళ్ళదే కదా."

"మొదట్లో వాళ్ళదే. పోను పోను నాదైపోయింది. బాబాయి దేవుడు, దేన్నీ చూడడు అంటుంటే వినడానికి బాగుండేది."

ఆవిడ కంచం అందుకుంది. "అన్నం చల్లారిపోయింది. వేడిది పెడతాను, తిని వెళ్ళండి," అంది. ఎక్కడికి అని ఆయన అడగలేదు. ఆవిడకు ఆయన సంగతి తెలుసు.

మిగిలిన పదమూడు గుమ్మాల దగ్గరా బాబాయి ఒకే మాట చెప్పాడు. ఇలా పొరపాటు జరిగింది, నేను చూసుకోలేదు, మీ డిస్కులో మీకిష్టమైన ఫైలు ఒకటి మీరే ఎంచుకుని మీరే తెరవండి, నేను కిటికీలోంచి చూస్తుంటాను. కొందరు అక్కర్లేదన్నారు. తెరిచేదాకా ఆయన కదల్లేదు. రెండిళ్ళలో బాణం గుర్తులు బయటపడ్డాయి. ఇంకో ఇంట్లో ఎప్పుడో పెట్టిన పాస్‌వర్డు ఎవరికీ గుర్తు లేదు. అదృష్టం, ఆ ఇళ్ళలో కంప్యూటర్లు ఇంకా బతికే ఉన్నాయి.

"అయితే ఇన్నాళ్ళూ మా ఇంటి నుంచి గాలి మోసుకెళ్ళారా బాబాయి?" అన్నాడు బాణం బయటపడ్డ ఒక ఇంటి లాయరు. వేళాకోళమే గాని, గుచ్చుకునే వేళాకోళం.

"మోశానండి. ఇప్పుడు బరువెక్కించండి," అన్నాడు బాబాయి, సంచి విప్పుతూ.

ఆ పని ముగిశాక మూడో అంతస్తుకి వెళ్ళి, "బైండింగ్ అమ్మ దగ్గరికి నన్ను తీసుకెళ్తారా?" అని అడిగాడు. టీచరమ్మ తల అడ్డంగా ఊపింది. ఎడమ చెయ్యి లేనిదే ఆ సైగల్లో సగానికి పైగా కుదరవు. అదీగాక, పోయాయని ముసలామెకు చెప్పడానికి ఆమెకు మొహం చెల్లడం లేదు.

"నేను చెప్తాను. మీరు సైగ చెయ్యండి చాలు."

ముసలామె కిటికీ పక్కన కుర్చీలో ఉంది. బాబాయి ఎదురుగా నిలబడి అంతా చెప్పాడు. టీచరమ్మ చేతులు దాన్ని ఆమెకు చేరవేశాయి. ఆమె బాబాయిని ఎగాదిగా చూసింది. తర్వాత కుడిచేత్తో, రాసిన కాగితం ఏదీ, తెమ్మంది. రెండువందల పన్నెండు మాటల పట్టిక మాత్రం డిస్కులో మిగిలింది. చేతులు పోయి మాటలు మిగిలాయి.

మొదటి మాట పుస్తకం వెన్ను. ఎడమ అరచెయ్యి నిలబెట్టి, దాని అంచు వెంట కుడిచేతి బొటనవేలు పైనుంచి కిందికి జారాలి. ఎడమ చెయ్యి ఒడిలోంచి లేవలేదు. ఆమె దాన్నొకసారి చూసి, గదిలో ఉన్న చేతులన్నీ చూసింది. టీచరమ్మ చేతులు కెమెరా మీద ఉన్నాయి. ముసలామె వంగి బాబాయి ఎడమ చెయ్యి పట్టుకుంది. పనిముట్టుని చూసినట్టు తిప్పి చూసి, వేళ్ళు నొక్కి చూసి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టింది. కెమెరాకి మనిషి కనబడకుండా తన నల్ల శాలువా తీసి ఆయన తల మీదుగా కప్పేసింది. చెయ్యి ఒక్కటే బయట మిగిలింది.

తప్పుగా పెట్టినప్పుడల్లా చేతి మీద చరిచేది. గట్టిగానే చరిచేది.

"ఏమంటోందమ్మా?" అన్నాడు బాబాయి శాలువా లోపలి నుంచి.

"మీ చెయ్యి తలుపులా ఉందంటోంది."

"ముప్పై నాలుగేళ్ళు తలుపులతోనే బతికిందని చెప్పండి."

టీచరమ్మ చెప్పింది. ముసలామె భుజాలు కదిలాయి. నవ్వని బాబాయికి శాలువా లోపల తెలియలేదు. చరచడం ఆగిందని మాత్రం తెలిసింది.

ఏడు వారాలు పట్టింది. రోజుకు నాలుగు, ఐదు, ఒక్కోరోజు ఒకటే. ఆమె కుడిచెయ్యి, ఆయన ఎడమచెయ్యి. నూట అరవై ఎనిమిది వచ్చాయి. మిగిలిన నలభై నాలుగు మాటల దగ్గర ఆమె పట్టిక వైపు చాలాసేపు చూసి, గుర్తు లేవని తల అడ్డంగా ఊపేసింది. ఏదో ఒకటి చేసి చూపిస్తే తప్పని పట్టుకునే వాళ్ళు ఎవరూ లేరు. ఆమె చెయ్యలేదు. ఆ మాటలకు ఎదురుగా టీచరమ్మ ఖాళీ ఉంచింది.

ప్రతి సాయంత్రం లేచే ముందు బాబాయి ఆనాటి వీడియోలు డిస్కులోకి ఎక్కించేవాడు. ఎక్కించి, ఏది తెరిచి చూద్దామని ఆమెని అడిగేవాడు. ముసలామె వేలితో ఏది చూపిస్తే అది తెరిచేవాళ్ళు. ఇప్పుడు ఆయన కిటికీ వైపు తిరిగేవాడు కాదు. ఆ చేతుల్లో ఒకటి ఆయనది. చూసే హక్కు ఉందనుకున్నాడు.

చివరి రోజు ఆమె మొట్టమొదటిది తెరవమంది. పుస్తకం వెన్ను. నల్లటి శాలువా మీద రెండు చేతులు. ఒకటి సన్నగా, ముడతలు పడి, తొణకకుండా ఉంది. రెండోది మొరటుగా ఉంది. అది వణుకుతోంది.

ముసలామె టీచరమ్మ వైపు తిరిగి గబగబా ఏదో చెప్పింది.

"మళ్ళీ తీద్దామంటోంది బాబాయిగారూ. ఆ రోజు మీరు భయపడ్డారట. ఇప్పుడైతే బాగా పెడతారట. దీన్ని చెరిపెయ్యమంటోంది."

బాబాయి చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచాడు.

"కొత్తది తీద్దాం. ఎక్కించి, తెరిచి, ఆవిడకి చూపిద్దాం. చెరిపే మాట అప్పుడు అడగమనండి," అన్నాడు. వెళ్ళి ఆమె పక్కన కూర్చుని, శాలువా తనే కప్పుకుని, ఎడమ అరచెయ్యి నిలబెట్టాడు.