నలభై ఒకటో నంబరు డిజైను

దయ్యాలున్నాయంటే నేను నవ్వేవాణ్ణి. మా కాశిబుగ్గ సందుల్లో బతికున్నవాళ్ళు తిరగడానికే చోటు లేదు, చచ్చినవాళ్ళు ఎక్కడ తిరుగుతారని నా వాదం. ఇప్పటికీ అదే వాదం. కాకపోతే గొంతు కొంచెం తగ్గించాను.

ఎనభైల మొదట్లో సంగతి. మా నేతగాళ్ళ సంఘంలో ఒక ఇనప పెట్టె ఉండేది. గళ్ళ కాగితాల మీద రంగులు నింపి గీసిన జంపఖానా డిజైన్లన్నీ అందులోనే. ఏ డిజైనూ ఎవరి సొంతమూ కాదు. ఎవరైనా తీసుకుని నేసుకోవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు. షరతు ఒక్కటే: తీసుకున్నవాళ్ళు కాగితం వెనక పేరు రాయాలి, సాయంత్రానికి తిరిగి పెట్టెలో పెట్టాలి.

ఈ షరతు పెట్టింది మల్లయ్య మామ. పక్కింటాయన. మాలో అందరికంటే బాగా గీసేవాడు. నిజాం కాలం బడిలో చదివాడు కాబట్టి పేరు ఉర్దూలో రాసేవాడు. సంఘంలో ఉర్దూ రాయగలిగింది ఆయనొక్కడే. మిగతావాళ్ళం తెలుగే తప్పుల్లేకుండా రాయలేం.

ఆయన పోయిన మూడో నెలలో పెట్టె సర్దే పని నాకు అప్పగించారు. ఇంటర్ తప్పి తీరిగ్గా ఉన్నానని. ప్రతి కాగితానికీ మూలన, తడిపితే సిరాలా అంటే ఊదా పెన్సిల్‌తో నంబరు వేశాను. చిరిగినవీ, రెండేసి ఉన్నవీ కట్టగట్టి కిరాణా కొట్టుకు పొట్లాలకిచ్చాను. ఎంత శ్రద్ధగా సర్దానంటే, నలభై ఒకటో నంబరు కూడా ఆ కట్టలోనే పోయింది.

అది మల్లయ్య మామ ఆఖరి డిజైను. ఆయన భార్య రాజవ్వత్త దాన్నే నేస్తోంది. రోజూ పొద్దున తీసుకెళ్ళి సాయంత్రం తెచ్చేది. ఆమెకు రాయడం రాదు, కాగితం వెనక ఆమె పేరు నేనే రాశాను. నెమళ్ళ డిజైను. కిందినుంచి పైకి రంగులు మారుతూ పోతాయి. సగం చూసి మిగతా సగం ఊహించలేం.

"కాగితమేది పిలగా?" అంది మర్నాడు.

"పెట్టె నిండ కాగితాలే అత్తా. దొరుకుతది, ఫికర్ చెయ్యకు."

"నేత సగంల ఆగింది బిడ్డా. అది తెగితే ఆయన చెయ్యి ఇగ నా మగ్గం మీద ఉండది."

కొట్టుకు పరిగెత్తాను. "నీ డిజైనా? జీలకర్ర కట్టిచ్చిన. కాశిబుగ్గంత తిరుగుతాంది," అన్నాడు సేటు. గల్లా కింద వెతికితే చిరిగిన మూల ఒక్కటి దొరికింది. దాని మీద ఊదా రంగులో నా 41. జేబులో పెట్టుకున్నాను.

మూడోరోజు మధ్యాహ్నం ఒప్పుకుందామని అత్తను సంఘానికి పిలిచాను. పెట్టె తాళంచెవి ఒక్కటే, అది నా మొలతాడుకే ఉంది. నలభై తర్వాత నలభై రెండు చూపించి, తిట్లు తినడం నా పథకం.

నలభై తర్వాత నలభై ఒకటే ఉంది.

చిరుగు లేదు, మడత లేదు. మూలన నా రాతలోనే నంబరు. జేబులో చెయ్యి పెట్టాను. చిరిగిన మూల అక్కడే ఉంది, జీలకర్ర వాసనతో సహా. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. తేడా లేదు. కాగితం తిప్పాను. వెనక నేను రాసిన రాజవ్వ పేరు. దాని కింద, సిరా ఇంకా మెరుస్తూ, ఉర్దూలో ఒక పేరు.

అత్తకు చదువు రాదు. కానీ ఆ గీతలు ఆమెకు తెలుసు. "ఆయన దస్కత్," అంది. "నువ్వెందుకు తాళం తిప్పి తిప్పి చూస్తానవ్?"

"తుప్పు పట్టింది అత్తా," అన్నాను. తర్వాత అసలు విషయం చెప్పేశాను. "నేనే పొట్లాలకిచ్చిన."

"ఎరుకే. నిన్న నెమలి మెడ జీలకర్ర పొట్లమై నా ఇంటికే వచ్చింది. నువ్వెప్పుడు చెప్తవో అని చూస్తాన."

నడుముకు దోపుకున్న ముక్క తీసి చూపించింది. కాగితంలో ఆ మెడ ఉన్నచోటే ఉంది. చేతిలో ముక్కా ఉంది.

ఎవరైనా మళ్ళీ గీసి పెట్టారేమోనని చాలా ఆలోచించాను. నా రాతను, ఆ ఉర్దూను, ఆ రంగులను అంత బాగా దించగలవాడు మా సంఘంలో ఉంటే, ఇంటర్ పరీక్షకు నా బదులు అతన్నే పంపేవాణ్ణి. తాళం ఎలా తీశాడో అప్పుడైనా అడగాలి.

ఆ రోజు అత్త మాత్రం నా ఊదా పెన్సిల్ నాలుకతో తడిపి, బొటనవేలికి రుద్దుకుని, ఆయన పేరు కింద వేలిముద్ర వేసింది. కాగితం తీసుకుని గబగబా వెళ్ళిపోయింది. ఆమెకు నేయాల్సింది ఇంకా సగం ఉంది.