తండ్రి తెల్లజుట్టు, కూతురి నీలికళ్ళు

మొన్న మా మనవరాలు ఏదో పెళ్ళికని కళ్ళకు నీలం లెన్సులు పెట్టుకుని వచ్చింది. బాగుందన్నాను గానీ, నాకు విశాఖ మన్యంలోని ముంచింగిపుట్టులో మా ఇంటి ఓనరు కూతురు గుర్తొచ్చింది. తొంభైల చివర నేనక్కడి ఆస్పత్రిలో నర్సుని. ఓనరు కాఫీ, రాగులు పండించే రైతు. పుట్టుకతోనే అతని నుదుటి మీద పిడికెడు తెల్లజుట్టు. అమ్మవారు చెయ్యిపెట్టిన చోటని అతని తల్లి సంతలో కొత్తవాళ్ళకు కూడా చూపించేది. అతనూ ఆ కుచ్చుకి కాస్త ఎక్కువే నూనె రాసేవాడు. పాప నీలికళ్ళతో పుట్టినప్పుడు మాత్రం అమ్మవారి పేరు ఎవరూ ఎత్తలేదు. "మా ఇంట ఎవులికీ నేవు ఇలాటి కళ్ళు. ఎక్కడ్నుంచి తెచ్చినావు?" అని కోడల్ని అడిగేది ముసలమ్మ, వీధిలో వాళ్ళు వినేలా. కోడలు వంచిన తల ఎత్తకుండా రాగులు చెరిగేది. మొగుడు విననట్టే తోటకి వెళ్ళిపోయేవాడు.

మూడేళ్ళు నిండినా పాపకు మాట రాలేదు. మొండి గుంట అని తేల్చేసింది నాయనమ్మ. ఒకరోజు పాప వెనకాలే నా చేతిలోంచి స్టీలు బేసిన్ జారిపడింది. పెరట్లో కోళ్ళన్నీ చెదిరిపోయాయి. పాప తల తిప్పలేదు. పాపనూ, తల్లిదండ్రుల్నీ నేనే విశాఖ తీసుకెళ్ళాను. పాపకు రెండు చెవులూ వినపడవని తేల్చాక డాక్టరు తండ్రి తల వంక చూశాడు.

"ఈ తెల్లజుట్టు పుట్టుకతోనేనా?"

"అవును సార్. మా అయ్యకీ ఉండేది," అన్నాడతను, కొంచెం గర్వంగానే.

కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు మిగతా జన్యువులకు పని పురమాయించే జన్యువొకటి ఉంటుందట, పాక్స్ త్రీ అని. జుట్టుకీ కళ్ళకీ రంగునిచ్చే కణాలూ, లోపలి చెవికి కావలసిన కణాలూ దాని మాట మీదే నడుస్తాయట. "అది దెబ్బతింటే ఒక్కొక్కరిలో ఒక్కోలా బయటపడుతుంది. మీకు జుట్టుతో సరిపోయింది. పాపకు కళ్ళకీ, చెవులకీ కూడా వచ్చింది," అన్నాడు డాక్టరు.

ఇంటికి రాగానే ముసలమ్మ కొడుకుని అడిగింది, "డాటరు ఏటన్నాడు?"

"నా కాడ్నుంచే వచ్చిందంటమ్మా. అయ్య కాడ్నుంచి నాకు. ఇంక నీ కోడల్నేటీ అనొద్దు."

కోడలు పాపను చంకనేసుకుని లోపలికెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

ముసలమ్మ క్షమాపణ అడగలేదు. కానీ పాపను పిలవాలంటే నేల మీద కాలు తాటించాలని ఆ ఇంట్లో ముందు కనిపెట్టింది ఆవిడే. ఆ అదురుకి పాప నవ్వుతూ వెనక్కి తిరిగేది. తర్వాత పాపను కొండ దిగి మైదాన ప్రాంతంలోని బధిరుల బడిలో చేర్చారు. ఇప్పుడా పిల్లకే ఒక కొడుకు. పుట్టిన వారంలోనే వాడి చెవులు పరీక్ష చేయించారట, బాగానే వినపడుతున్నాయట. వాడి అమ్మమ్మ, అంటే ఆ కోడలు, మూడేళ్ళు నోరు మెదపకుండా మోసిన నింద ఇప్పుడైతే ఆస్పత్రిలో ఒక పూట పరీక్షతో తేలిపోయేది. కాలం మంచే చేసింది. ఆవిడ విషయంలోనే కొంచెం ఆలస్యమైంది.